తుంటి కీలులోనికి చూపు: నూరేండ్ల ప్రయత్నం

కొబ్బరిచెట్టెక్కి దింపు తీసే మనిషికి, వంగి వరినాట్లు వేసే స్త్రీకి, చాపమీద బాసింపట్టు వేసికొని భోజనానికి కూర్చునే పెద్దకు, అమలాపురం, రాజోలు, కొత్తపేట సీమలలో ఎవరికైనా సరే, తుంటి కీలు ముడుచుకొనకపోతే దినం గడవదు. తొడ ఎముక తల బంతివలె కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. బంతి గుండ్రదనం చెడినా, గిన్నె అంచు ముందుకు పొడుచుకొని వచ్చినా, కాలు ముడిచినప్పుడల్లా ఎముకకు ఎముక ఒరసికొంటుంది. అంచుననున్న మృదులాస్థి వలయం చిరుగుతుంది. గజ్జలో నొప్పి పుడుతుంది. దీనికి జరిగే శస్త్రచికిత్స చరిత్రను మేము ఇక్కడ చెప్పదలచినాము.

ఈ కథ కూడ నేలమీద కూర్చునే జాతితోనే మొదలైనది. క్షయవల్ల మోకాలు బిగిసిన జపానీయుడు చాపమీద కూర్చోలేడు. ఆ బాధను ముందుగా గుర్తించే ఉపాయం వెదకుతూ, టోక్యోలో కెంజి తకాగీ 1918లో మూత్రాశయ పరీక్షకు వాడే దర్శినితో ఒక మృతదేహపు మోకాలిలోనికి చూచినాడు. 1931లో న్యూయార్కులో మైకేల్ బర్మన్ మృతదేహాల తుంటి కీళ్లను అట్లే పరిశీలించి, బంతికీ గిన్నెకూ నడుమ సూది దూర్చుట అసాధ్యమని తేల్చినాడు. 1936లో బోస్టనులో స్మిత్ పీటర్సన్ కీలును తెరచి, ఒరసికొనే ఎముకను చెక్కివేసినాడు. కాలిని లాగిపట్టి కీలును ఎడముచేసే పద్ధతి 1980 తరువాత కుదిరినందున, బర్మన్ అసాధ్యమన్నది సాధ్యమైనది. 2003లో స్విట్జర్లండులోని బెర్న్ నగరపు రైన్‌హోల్డ్ గాంజ్, ఆయన సహచరులు, ఈ ఒరపిడియే కాలక్రమాన కీలు అరుగుదలకు ఒక కారణమని వివరించినారు. అప్పటినుండి చిన్న రంధ్రాలగుండా చేసే ఆర్థ్రోస్కోపీ విరివిగా వ్యాపించినది.

ఫలితం ఎన్నాళ్లు నిలుస్తుంది? 2018లో ప్రకటితమైన బ్రిటిష్ పరీక్షలో 348 మంది రోగులలో కొందరికి శస్త్రచికిత్స, కొందరికి శిక్షకుని పర్యవేక్షణలో వ్యాయామం జరిగినవి. ఏడాదికి ఇరుపక్షాలూ మెరుగైనవి. శస్త్రచికిత్స పొందినవారు కొంత ఎక్కువగా మెరుగైనారు. కాని ఒక ఏడాది దీర్ఘకాలం కాదు. అమెరికానుండి 2017లో వెలువడిన పదేండ్ల పరిశీలనలో, నూటికి సుమారు 34 మందికి తరువాత కృత్రిమ తుంటి అమర్చవలసి వచ్చినది. వయస్సు మీరినవారు, ఎముకల నడుమ ఖాళీ 2 మిల్లీమీటర్లకు మించనివారు వారిలో ఎక్కువ. మిగిలినవారికి మాత్రం మేలు చాలవరకు నిలిచినది.

కనుక ఫలితం కత్తి నేర్పుమీదనే కాక, ఆనాటికి కీలులో మిగిలిన మృదులాస్థిమీద ఆధారపడుతుంది. అరిగిపోయిన దానిని ఈ చికిత్స తిరిగి పుట్టించలేదు. భావికాలపు అరుగుదలను ఆపగలదని కూడ ఇంతవరకు రుజువు కాలేదు. అట్లని ఎక్స్‌రేలో ఎముక ఆకారం తేడాగా కనబడినంతమాత్రాన శస్త్రచికిత్సకు తొందరపడరాదు. అటువంటి ఆకారముండియు నొప్పి ఎరుగనివారు అనేకులు. నొప్పి ఉన్నవారు మొదట వ్యాయామచికిత్సను శ్రద్ధగా సాగించి, అది చాలనప్పుడు, వైద్యుని రెండు ప్రశ్నలడుగుట మంచిది: నా కీలులో ఎంత ఖాళీ మిగిలియున్నది? పదేండ్లకు ఏమి ఆశింపవచ్చును? చెట్టెక్కి బ్రదికేవానికి ఆ రెండవ ప్రశ్న కుటుంబపు కూటి ప్రశ్న.