పూలమొక్క నుంచి పుండు మీది కట్టు దాకా



మా అత్తగారికి చక్కెర జబ్బు వుండేది. ఒక శ్రావణమాసంలో చెప్పు కరిచి కాలివేలి మీద చిన్న పుండు పడింది. నొప్పి లేదు కాబట్టి ఆవిడ ఎవరితోనూ అనలేదు. పేరంటాలూ, పూజలూ అన్నీ ఆ కాలితోనే జరిపించారు. మా కళ్ళబడేసరికి నెల దాటిపోయింది. చివరకు ఆ వేలు తీసెయ్యవలసి వచ్చింది. "ఇంతోటి పుండు, ఇన్ని మందులు వేసినా ఎందుకు మానలేదే అమ్మాయ్?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ జవాబు వెనక పెద్ద చరిత్రే వున్నదని తరవాత చదివి తెలుసుకున్నాను.

ఒకప్పుడు ఈ జబ్బు పసివాళ్ళకు వస్తే ఆశ వదులుకోవడమే. 1921లో కెనడాలోని టొరాంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఇన్సులిన్ మీద కృషి మొదలుపెట్టారు. 1922 జనవరిలో 14 ఏళ్ళ కుర్రవాడికి మొదటిసారి ఆ మందు ఎక్కించారు. ప్రాణాలు నిలిచాయి. అయితే జబ్బుతో ఏళ్ళ తరబడి బతకడం మొదలయ్యాక కొత్త చిక్కులు బయటపడ్డాయి. కాళ్ళకు రక్తప్రసారం తగ్గడం, నరాలు మొద్దుబారడం, పుండు పడితే మానకపోవడం.

మన పొరుగున రాయవెల్లూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల పాదాలను చూసి ఒక సంగతి గ్రహించాడు. అవి పాడవుతున్నది మాంసం దానంతటది కుళ్ళి కాదు, నొప్పి తెలియక. 1966లో ఆయన అమెరికా వెళ్ళాక ఆ పాఠం చక్కెర రోగుల పాదాలకూ పనికివచ్చింది.

నొప్పి సంగతి అలా తేలింది. మరి మానకపోవడం మాటేమిటి?

గాయం మానడాన్ని పందిరి పనితో పోల్చుకోండి. దెబ్బ తగలగానే చెడిపోయిన కండను విప్పి పారెయ్యడానికి ఒంట్లో కొన్ని ఎంజైములు పుడతాయి. వాటిలో ఒకదాని పేరు ఎం.ఎం.పి.-9. పాత పందిరి విప్పడం కాగానే వీళ్ళు తప్పుకోవాలి, కొత్తది వేసేవాళ్ళు రావాలి. చక్కెర జబ్బువాళ్ళ పుండులో విప్పేవాళ్ళు ఒక పట్టాన కదలరు. పాతిన రాట పాతినట్టే పీకేస్తూ వుంటారు. 1997లో అమెరికాలో, కండ పెరగడానికి తోడ్పడే ఒక ప్రొటీనుతో చేసిన పైపూత మందుకు అనుమతి ఇచ్చారు. కొందరికి మేలు చేసింది కూడా. కానీ పీకేవాళ్ళు అక్కడే వుండగా ఎన్ని రాటలు తెచ్చి ఇస్తే మాత్రం పందిరి నిలుస్తుందా? ముందు వాళ్ళను ఆపాలి.

ఆపే ఉపాయం ఎక్కడ దొరికిందనుకున్నారు? ఆసుపత్రిలో కాదు, పూలమొక్కల దగ్గర!

1990లో కాలిఫోర్నియాలో కారొలిన్ నాపొలి, రిచర్డ్ జోర్గెన్‌సన్, వారి తోటివారు ఒక ప్రయోగం ప్రకటించారు. పెటూనియా పూల ఊదారంగును మరింత చిక్కన చేద్దామని, రంగు పుట్టించే జన్యువును మొక్కలో అదనంగా చేర్చారు. తీరా పూశాక చూస్తే కొన్ని తెల్లగా, కొన్ని చారలు చారలుగా వున్నాయి. చింతపండు ఇంకాస్త వేస్తే పులుసులో వున్న పులుపు కూడా పోయినట్టన్నమాట! కొత్త జన్యువు తాను పలకకపోగా పాతదాని నోరు కూడా మూయించింది.

ఈ ముడి 1998లో విడింది. విప్పినవారు ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెలో అనే ఇద్దరు అమెరికన్లు. వారి ప్రయోగాలు మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగు మీద జరిగాయి. వారు చెప్పినది మన భాషలో ఇదీ. వంటల పుస్తకం బీరువాలో భద్రంగా వుంటుంది. కావలసిన వంటకాన్ని చీటీ మీద ఎత్తి రాసుకుని వంటింట్లోకి పట్టుకెళతాం. జన్యువు పుస్తకమైతే ఆ చీటీ పేరు ఆర్.ఎన్.ఎ. మామూలుగా దానికి ఒకటే పోగు. అదే రాతతో రెండు పోగుల ఆర్.ఎన్.ఎ.ను పంపితే, కణం దాన్ని ఆనవాలుగా పెట్టుకుని, ఆ రాత వున్న చీటీలను వెతికి చింపేస్తుంది. పుస్తకం చెక్కుచెదరదు, వంట మాత్రం సాగదు. దీనికి 2006లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

2001లో జర్మనీలో థామస్ టుష్ల్ బృందం, చిన్న చిన్న ఆర్.ఎన్.ఎ. ముక్కలతో మనిషి కణాల్లోనూ ఇది సాధ్యమని చూపింది. 2018లో ఈ పద్ధతిలో తయారైన మొదటి మందుకు అమెరికాలో అనుమతి లభించింది. అది వంశపారంపర్యంగా వచ్చే ఒక జబ్బులో నరాలు చెడకుండా ఇచ్చే మందు.

ఇక మన పుండు దగ్గరికి వద్దాం. అమెరికాలోని ఎం.ఐ.టి.లో పౌలా హామండ్ అనే ఆవిడ బృందం, కట్టుకట్టే నైలాన్ గుడ్డ మీద ఈ ఆర్.ఎన్.ఎ.ను పొరలు పొరలుగా అద్ది, చక్కెర జబ్బున్న ఎలుకల పుండ్లకు వేసింది. అద్దిన మందు కొంచెం కొంచెంగా దిగి, ఎం.ఎం.పి.-9 చీటీలను చింపింది. పుండ్లు త్వరగా మూసుకున్నాయని 2016లో ప్రకటించారు. ఈ ఎంజైము ఒంట్లో మిగతా చోట్ల అవసరమైనదే కాబట్టి, పుండు దగ్గర మాత్రమే దాని జోరు తగ్గించడంలోనే వుంది తెలివి.

అయితే ఎలుకకూ మనిషికీ మధ్య దూరం చాలా వుంది. పెటూనియా పువ్వు నుంచి మొదటి మందు దాకా 28 ఏళ్ళు పట్టింది కదా! ఈ కట్టు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే కాళ్ళు ఆగవు. చక్కెర జబ్బున్నవాళ్ళు రోజూ పడుకోబోయే ముందు అరికాళ్ళూ, వేళ్ళ సందులూ వెలుతురులో చూసుకోవాలి. ఉత్తకాళ్ళతో తిరగరాదు. వేడినీళ్ళ కాపడం పెట్టరాదు, స్పర్శ తెలియక బొబ్బలెక్కుతాయి. పుండు కనబడితే నొప్పి లేకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

అందరి భోజనాలూ అయ్యాక, పండగ వెళ్ళాక చెబుదాంలే అనుకోవడం మనకు అలవాటు. మా అత్తగారికి ఆవేళ చెప్పలేని జవాబు ఇప్పుడు చెప్పగలను. మందు చాలక కాదత్తయ్యగారూ, పీకేవాళ్ళు వెళ్ళక. మీరు మాతో చెప్పక. నోరు మూయించవలసింది ఆ జన్యువుది గాని మనది కాదు.

సెలవు.