ఇక్కడికొచ్చిన తోఫా

సాల్‌గిరాకు పిల్లలు ఉకులేలే అడిగితే, కొనేముందు దాని తారీఖ్ కాస్త వినండి.

1879 ఆగస్టు 23న రేవెన్స్‌క్రాగ్ ఓడ హొనొలులు చేరింది. చెరకు తోటల్లో మజ్దూరీకి మదీరా దీవి నుంచి వచ్చిన పోర్చుగీసు ముసాఫిర్లు అందులో ఉన్నారు. వాళ్ల చిన్న సాజ్ ‘మషెట్’ నుంచే ఉకులేలే పుట్టింది. హవాయి బాద్‌షా కలాకౌవా దర్బారులో దానికి ఇజ్జత్ దక్కింది. ఆ పేరుకు ‘గెంతే పురుగు’ అని అర్థం చెబుతారు. రాణి లిలియుఒకలానీ మాత్రం ‘ఇక్కడికొచ్చిన తోఫా’ అన్నారు.

మన ఆదిలాబాద్‌లో రివాజు ఉల్టా. పర్ధాన్‌లు కిక్రీ మోగిస్తూ గోండుల పూర్వీకుల కథలు పాడతారు. విన్న గోండు కుటుంబాలు నజరానా ఇస్తాయి. వినేవాళ్లు ఉన్నంతకాలమే కిక్రీ మోగుతుంది.

ఉకులేలేకూ అంతే. కొనివ్వడం సగం తోఫా. రాత్రి ఖానా తర్వాత కూర్చుని బిడ్డ వాయిస్తుంటే వినడం మిగతా సగం.