నల్లగొండ వెన్ను, నీళ్ల బొమ్మ

ఎంఆర్ఐ పుట్టకముందే నల్లగొండ పేరు వైద్య పత్రికల్లోకెక్కింది. 1937లో షార్ట్ బృందం నెల్లూరు వైపు ఫ్లోరోసిస్‌ను బయటపెట్టింది. 1945లో దావర్, నల్లగొండలోనూ అదే జబ్బుందని ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. గ్రానైట్ రాళ్లలో ఊరిన ఫ్లోరైడ్ బావినీళ్లే దానికి మూలం. గారపళ్లతో మొదలై వెన్ను దాకా పాకుతుంది. ఎముకలు మందమవుతాయి, పూసల్ని కట్టి ఉంచే లిగమెంట్లు రాయిలా బిగుస్తాయి, మధ్యనున్న వెన్నుపాము నలుగుతుంది. కాళ్లు కర్రల్లా అయిపోయి మనిషి మంచం పడతాడు.

ఆపరేషన్ చేయాలంటే నలుగుతున్నది ఎక్కడో ముందు తెలియాలి. ఎక్స్‌రేలో సున్నం కొట్టినట్టు ఎముకే కనిపించేది. నడుములో సూది గుచ్చి మందెక్కించే మైలోగ్రామ్ ఉండేది గానీ, గట్టిపడ్డ ఈ లిగమెంట్లలోంచి సూది దిగడమే గగనం!

ఆ సూది బాధను తప్పించింది ఎంఆర్ఐ. అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాలు రేడియో తరంగాలకు పలుకుతాయని 1946లో బ్లాక్, పర్సెల్ విడివిడిగా చూపారు. 1951లో బెంగళూరు ఐఐఎస్సీలో జి.సూర్యన్ పారే ద్రవాల మీద ఇవే ప్రయోగాలు చేశారు.  1973లో ఇదే సూత్రంతో లాటర్‌బర్ అచ్చువేసిన తొలి బొమ్మ సన్నని గొట్టాల్లోని నీళ్లది. 1977లో ఈ బొమ్మ తీసే పద్ధతి మనిషి ఒంటికి, తర్వాత మెదడుకు, వెన్నుకు వచ్చింది.

ఈ యంత్రం చదివేది ప్రధానంగా ఒంట్లోని నీటి హైడ్రోజన్‌నే. ఒక రకం ఫిల్ముల్లో వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవం తెల్లగా, నీరు ఇంకిపోయిన గట్టి లిగమెంటు నల్లగా పడతాయి. నలుపు తెలుపులోకి పొడుచుకొచ్చిన చోటే సర్జన్ చేయి పెట్టాల్సింది. ఎన్ని పూసల వెనకభాగం తీయాలో లెక్క తేలేదీ అక్కడే. వెన్నుపాములోనే తెల్లమచ్చ కనిపిస్తే, ఒత్తిడి తీసేసినా పూర్తిగా కోలుకోకపోవచ్చని ఇంటివాళ్లకు ముందే చెప్పొచ్చు. ఎముక వివరం కోసం మాత్రం సీటీ జతపడాలి. ఈ జబ్బు నరాలనేం చేస్తుందో హైదరాబాదు న్యూరోసర్జన్ డి.రాజారెడ్డి ఏళ్ల తరబడి పరిశీలించి రాశారు.

నల్లగొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ వైపు పెరిగినవారికి కాళ్లు బిగుసుకుంటుంటే, ఎన్నేళ్లు ఏ ఊరి బోరునీళ్లు తాగారో స్కానింగుకు ముందే డాక్టరుకు చెప్పండి.