తాగే చెరువు, చూసే చెరువు

ఆదివారం వచ్చిందంటే మా మధురానగర్‌లో నన్ను ఎవరో ఒకరు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరు గారూ, పిల్లలతో కాస్త గాలి మార్పుకు వెళ్దామనుకుంటున్నాం, దగ్గరలో ఏ చెరువు మంచిది?" బీపీ చూపించుకోవడానికి వచ్చినవారూ అడుగుతారు, లిఫ్టులో ఎదురైనవారూ అడుగుతారు. ప్రశ్న చిన్నదే. అయితే "మంచి చెరువు" అంటే ఏమిటని ఆలోచించడం మొదలుపెడితే నగర చరిత్రలో నాలుగున్నర శతాబ్దాలు వెనక్కి నడవవలసి వస్తుంది.

అంత దూరం వెళ్ళేముందు మా ఇంటి చుట్టుపక్కలే చూద్దాం. మేము ఉదయపు నడకకు వెళ్ళే యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కు ఒకప్పుడు చెరువు. నేడు అందులో మిగిలిన చిన్న కొలనును చూసి, పార్కు అందం కోసం తవ్వించారనుకుంటారు కొత్తవారు. నిజానికి కొలను కోసం పార్కు వచ్చింది కాదు, పార్కు కోసం కొలను వచ్చిందీ కాదు. చెరువు పోగా మిగిలినది అది. జూబ్లీహిల్స్ గుట్టల మీద పడిన వాన నేటికీ ఆ పాత దారినే వెతుక్కుంటూ మధురానగర్ మీదుగా దిగి, అమీర్‌పేటలో మైత్రివనం దగ్గర మోకాలి లోతున నిలుస్తుంది. మనుషులు మరచిపోయిన చెరువును నీరు మరచిపోలేదు.

ఈ నీరంతా చివరకు చేరవలసిన చోటు హుస్సేన్ సాగర్. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో 1562 ప్రాంతంలో కట్టిన చెరువు ఇది. నిర్మాణాన్ని పర్యవేక్షించిన హుస్సేన్ షా వలీ పేరే దానికి నిలిచింది. చార్మినార్ కంటే, హైదరాబాద్ నగరం కంటే ఈ చెరువే పెద్దది వయసులో. మూసీ నుంచి కాలువ తవ్వి దీనిని నింపారు. పడవ షికారుకో, కట్ట మీద సాయంత్రపు గాలికో ఎవరూ అంత శ్రమ పడరు కదా! తాగడానికీ, సాగుకూ నీరు కావాలి కనుక కట్టారు. 1930 దాకా నగరం ఆ నీరు తాగింది. కట్ట మీద విహారం ఆ అవసరానికి అదనంగా దొరికిన సుఖం మాత్రమే.

వైద్యుడిగా నాకు ఈ చెరువు పరిసరాలతో మరో అనుబంధం ఉంది. చెరువుకు వాయవ్యంగా, బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఒక పాత భవనం ఉన్నది. 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో మొట్టమొదటిసారి చూసింది అక్కడే. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టడానికి దోమలను వదిలి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున అతనికి చెల్లించాడు రాస్. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్‌కు ముట్టినవి అణాలే. మా వైద్య చరిత్రలో ఇటువంటి లెక్కలు చాలానే ఉన్నాయి, అది వేరే కథ. అంతవరకు చెరువుల మీది చెడుగాలి వల్ల జ్వరాలు వస్తాయని విద్యావంతులు సైతం నమ్మేవారు. మలేరియా అన్న మాటకు అర్థమే చెడుగాలి. రాస్ పరిశోధనతో ఆ నింద గాలి మీది నుంచి తొలగి దోమ మీదికి చేరింది. చెరువు గట్టున నిర్భయంగా ఊపిరి పీల్చుకోవచ్చునని శాస్త్రం ఒప్పుకున్నది మన సికింద్రాబాద్ కంటోన్మెంటు పరిశోధన వల్లనే అంటే అతిశయోక్తి కాదు.

ఇక గండిపేట. ఈ తరంవారికి అది వారాంతపు విహారస్థలం, పెళ్ళికి ముందు ఫొటోలు తీసుకునే చోటు. దాని పుట్టుక మాత్రం వేలమంది మరణంలో ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. శంషాబాద్‌లో ఒక్క రోజులోనే 12 అంగుళాలకు పైగా వాన పడింది. పదిహేను వేలమంది దాకా చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారు. తరువాత అక్కడే వెలసిన ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఆ చెట్టు ఇంకా నిలిచే ఉంది. ఆ చెట్టు కింద నిలబడినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది: ఆ రాత్రి ఆసుపత్రి ఎవరినీ కాపాడలేకపోయింది, చెట్టు కాపాడింది.

మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించింది. ఆయన వర్షపాతం లెక్కలతో ఆగక, ఎగువన ఉన్న చెరువులనూ లెక్కించాడు. మూసీ పరీవాహకంలో 788 చెరువులుండగా వాటిలో 221 ఆ వానకు తెగిపోయాయి. ఒకదాని నీరు మరొకదానిలో పడే గొలుసుకట్టు చెరువులు గదా! పై చెరువు తెగితే కింది చెరువు తట్టుకోలేదు. వ్యాధి లక్షణాన్ని చూసి మందు వ్రాయక, మూలాన్ని వెదికిన వైద్యుడి వంటివాడు విశ్వేశ్వరయ్య. మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద వరదను ఆపే రెండు జలాశయాలు కట్టాలనీ, నగరానికి భూగర్భ మురుగు వ్యవస్థ కావాలనీ, నదీతీరాలను తోటలుగా మార్చాలనీ సూచించాడు. ఆ సూచనల ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్. గండిపేట అని మనం పిలిచేది ఉస్మాన్ సాగర్‌నే. అక్కడి నీరు ఏ యంత్రమూ అవసరం లేకుండా, వాలు వెంట తనంతట తానే కాలువలో పారి ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రానికి చేరేది. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాద్ విడిచి పోలేడన్న నానుడి ఆ రోజులదే.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. గండిపేట నీరు నల్లాల్లోకి వచ్చిన తరువాతనే హుస్సేన్ సాగర్ నీటిని తాగడం మానేశాం. తాగడం మానిన నాటి నుంచి ఆ చెరువును కాపాడవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. కూకట్‌పల్లి నాలా, బంజారా నాలా, పికెట్ నాలా మురుగును మోసుకొచ్చాయి, పరిశ్రమల వ్యర్థాలు వచ్చి కలిశాయి, గుర్రపుడెక్క కమ్మింది. మరోవైపు కట్ట మీద విగ్రహాలు వెలిశాయి, 1992లో నీటి నడుమ బుద్ధుడు నిలిచాడు, దీపాలు వచ్చాయి, పడవలు వచ్చాయి. చెరువుకు అలంకారం పెరిగినకొద్దీ ఆరోగ్యం క్షీణించింది. కేవలం చూసే చెరువుకు రంగు ఉంటే చాలు, తాగే చెరువుకు శుద్ధి కావాలి. గండిపేట అంతకాలం బాగుండడానికి కారణం నగరం దాన్ని తాగడమే. 1996లో వచ్చిన 111వ నంబరు జీవో రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాలలో నిర్మాణాలను అదుపు చేసింది కూడా తాగునీటి పేరు మీదనే. కృష్ణా, గోదావరి జలాలు నగరానికి చేరాక ఆ రెండు చెరువుల మీద ఆధారపడనవసరం లేదన్న వాదన బలపడింది. 2022లో 69వ నంబరు జీవోతో ఆ ఆంక్షలను ఎత్తివేశారు. హుస్సేన్ సాగర్ చరిత్ర తెలిసినవాడిగా నాకు ఆ వాదన ధైర్యం కలిగించలేదు.

గాలి మార్పు అన్నాను గనుక అనంతగిరి గురించి రెండు మాటలు. వికారాబాద్ దగ్గరి ఆ కొండలలోనే మూసీ పుడుతుంది. అనంతపద్మనాభస్వామి గుడికీ, ట్రెక్కింగుకూ నేడు జనం వెళుతున్నారు. మా తరం వైద్యులకు మాత్రం ఆ పేరు వింటే అక్కడి క్షయ శానిటోరియమే గుర్తుకు వస్తుంది. స్ట్రెప్టోమైసిన్ రాకముందు క్షయకు మందు లేదు. విశ్రాంతి, పుష్టికరమైన తిండి, కొండగాలి, ఇవే చికిత్స. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం కూడా ఆ నమ్మకం మీదనే వెలిసింది. 1950ల చివర మద్రాసులో జరిగిన ప్రసిద్ధ పరిశోధనలో, మందులు సక్రమంగా వాడితే ఇరుకు ఇంట్లో ఉన్న రోగికీ శానిటోరియంలో ఉన్న రోగికీ ఒకేలా నయమవుతున్నదని తేలింది. ఆ రోజుతో కొండగాలి మందు స్థానం నుంచి దిగిపోయింది. అంతమాత్రాన అది వ్యర్థం కాదు. నడక వల్ల మధుమేహానికీ రక్తపోటుకూ కలిగే మేలు ఎరిగినదే. పచ్చని చోట నడిచేవాడు మరునాడు కూడా నడుస్తాడు, ట్రెడ్‌మిల్ కొన్నవాడు నెల తిరిగేసరికి దాని మీద బట్టలు ఆరేస్తాడు.

ఒక చేదు జ్ఞాపకం కూడా చెప్పక తప్పదు. నా ఉద్యోగకాలంలో ఆదివారం సాయంత్రం క్యాజువాలిటీ డ్యూటీ అంటే భయపడేవాణ్ణి. విహారానికి వెళ్ళి నీటిలో దిగిన కుర్రవాళ్ళను తడిబట్టలతోనే తెచ్చేవారు. చాలాసార్లు మేము చేయగలిగినది కాగితం మీద సమయం వ్రాయడమే. ఈత వచ్చినవాళ్ళూ వారిలో ఉండేవారు. చెరువు ఈత కొలను కాదు. పైకి నిశ్చలంగా ఉన్నా అడుగున ఒండ్రు, గుంతలు, నాచు ఉంటాయి. ఇక మురుగు కలిసిన నీటిలో కాలికి చిన్న గాయమున్నా లెప్టోస్పైరోసిస్ వంటి జ్వరాలకు దారి ఇచ్చినట్లే.

అందుకే మొన్న మా పై అంతస్తు వారు అడిగితే గండిపేట గట్టు చూసి రమ్మన్నాను. ఏడు గంటలలోపు చేరమన్నాను, నీళ్ళు వెంట తీసుకెళ్ళమన్నాను, పిల్లవాణ్ణి నీటిలో దింపవద్దని రెండుసార్లు చెప్పాను. సాయంత్రం ఆ పిల్లవాడే వచ్చి, "తాతగారూ, అన్ని నీళ్ళుంటే మనం క్యాన్ ఎందుకు కొంటున్నాం?" అని అడిగాడు. కూర్చోబెట్టి 1908 నుంచి మొదలుపెట్టాను.