పులివెందులాయన మద్రాసులో కట్టిన హంపి

రాప్పా, కూచో. మంట కాడికి రోంత జరుగు. ఆ ఫోను పక్కన పెడితే నేను చెప్పేది చెవికెక్కుతుంది. పెట్టకపోయినా చెప్తాలే, నాకు అలవాటే. నిన్న టీవీలో 'పుష్ప' చూసుకుంటా "మన శేషాచలం ఎంత పచ్చగుందో తాతా!" అని మురిసిపోతివే, దాని సంగతి చెప్పాల నీకు. అది శేషాచలం కాదు నాయనా. మారేడుమిల్లి. రంపచోడవరం దాటినాక వచ్చే ఏజెన్సీ అడవి. కథ మనది, చెట్టు మనది, యాస పక్క చిత్తూరుది, అడవి మాత్రం గోదావరోళ్ళది. ఆ ఎర్రచందనం దుంగలు కూడా నిజమైనవి కావంట, నురుగుతో చేసి రంగు పూసినవి. నిజమైన దుంగను అట్ల భుజాన ఎగరేస్తే హీరో నడుము ఏమయ్యేదో ఆలోచించు.

మొహం అట్ల వేలాడెయ్యాకు. ఒకచోటి కథను ఇంకోచోట తీసేది నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. అసలు దీన్ని పెద్ద ఎత్తున నడిపించినోళ్ళలో మన కడప జిల్లా వాళ్ళే ముందుండారు.

బి.ఎన్.రెడ్డి పేరు విన్నావా? వినింటావులే, ఏదో పరీక్షకు చదివింటావు. పులివెందుల దగ్గర కొత్తపల్లెలో 1908లో పుట్టినాడు. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు తెచ్చుకున్న మనిషి. ఆయన తమ్ముడే నాగిరెడ్డి, 'చందమామ' పుస్తకం పెట్టినాయన, ఆయనకూ అదే అవార్డు వచ్చింది. అన్న వాహినీ, తమ్ముడు విజయా. రెండూ కలిసి మద్రాసు వడపళనిలో ఒకటే పెద్ద స్టూడియో అయినాయి. ఆసియాలోనే పెద్దదని ఆ కాలంలో చెప్పుకుంటాండిరి. ఇంక తాడిపత్రి డైరెక్టరు కె.వి.రెడ్డి సంగతి చెప్పనే అక్కర్లే. కొర్రన్నం, చెనిక్కాయల నేల నుంచి పోయినోళ్ళు సముద్రం ఒడ్డున రాజ్యాలు కట్టినారు.

1951లో బి.ఎన్.రెడ్డి 'మల్లీశ్వరి' తీసినాడు. భానుమతి, రామారావు. కథ కృష్ణదేవరాయలి కాలంది. పులివెందుల నుంచి హంపి ఏమంత దూరం? బండి కట్టినా కొన్ని దినాలు నడిస్తే చేరొచ్చు. అయినా ఆయన విజయనగరాన్ని ఎక్కువ భాగం వాహినీ స్టూడియోలోనే నిలబెట్టినాడు. వానలో మండపం కాడ మారువేషంలో రాయలవారు నిలబడతారే, చూసినావా ఆ సీను? చూడకపోతే ముందు అది చూసి రా, తర్వాత నాతో సినిమాల గురించి మాట్లాడు. చైనాలో కూడా ఆడించినారు ఆ సినిమాను. అంటే మద్రాసులో కట్టిన హంపిని చైనావాళ్ళు కూచుని చూసినారన్నమాట.

మా చిన్నప్పుడు అది మళ్ళీ మళ్ళీ వస్తాండె. ప్రొద్దుటూర్లో పక్కా హాళ్ళుండె గాని, చుట్టూ పల్లెలకు డేరా సినిమానే దిక్కు. టూరింగ్ టాకీసనేది పెద్దోళ్ళ మాట, మాకది డేరానే. పొద్దున ఎడ్లబండికి రెండు పక్కలా పోస్టర్లు కట్టి, తప్పెట కొట్టుకుంటా వీధుల్లో కరపత్రాలు ఇసురుతాండిరి. రంగు కాయితం కోసం మేం బండెనక పరిగెత్తేది. కరపత్రంలో కథ సగం రాసి, "మిగతా వెండితెరపై చూడుడు" అని పెడతాండిరి. నేల టికెట్టు పావలా, బెంచీ అర్ధరూపాయి. కుర్చీ టికెట్టు తీసుకున్నోడు రెండు దినాలు వీధిలో ఛాతీ ఇరిచి నడిచేది. ఆడోళ్ళకు మొగోళ్ళకు నడుమ ఒక గుడ్డ. మిషను ఒక్కటే, రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వెలిగేది, ఆ సందులో బొరుగులోడు, సోడాలోడు ఒకరి మీద ఒకరు పడి అరిచేది. ఇసకను కుప్ప చేసుకుని దాని మీద కూచుంటే నేల టికెట్టు కూడా కుర్చీ టికెట్టే. వెనకున్నోడు "ఒరే, దిగరా" అని మొట్టేంతవరకు.

యాడ ఉంటిమి? ఆఁ, హంపి. మా ఊర్లో ఒక పెద్దమనిషి ఉండె. మల్లీశ్వరి ఎన్నిసార్లు చూసినాడో ఆయనకే లెక్క లేదు. ఒక తూరి పనిగట్టుకుని హంపికి పోయినాడు. విరూపాక్షుని గుడి చూసినాడు, రాతిరథం చూసినాడు, తృప్తి పడలే. కనపడినోళ్ళనంతా "ఆ మండపం యాడ?" అని అడిగినాడంట. యాడుంటుంది? వడపళనిలో ఉండె, అదీ సినిమా అయిపోయినాక ఊడబీకేసింటారు. తిరిగొచ్చి "హంపి కంటే సినిమాలో హంపినే బాగుంది" అని తీర్పు చెప్పినాడు. దూరపు కొండలు నునుపంటారు. ఆయనకు కొండలు దగ్గరికి పోయినాక కూడా దూరంవే నునుపుగా కనబడె.

ఆ స్టూడియోలో ఏం లేదని! 'పాతాళభైరవి' ఉజ్జయిని ఆడనే. అందులో మన సింహాద్రిపురం పద్మనాభం కూడా ఉన్నాడు, గమనించినావా? 1957లో 'మాయాబజార్' ద్వారక కూడా ఆడనే. పట్నమంతా చిన్న చిన్న బొమ్మ ఇండ్లు పేర్చి, మార్కస్ బార్ట్లీ కెమెరాతో నిజం పట్నమని నమ్మించినాడు. ఉజ్జయిని నుంచి ద్వారకకు పోవాలంటే ఆ కాలంలో రైలెందుకు, నటులు మజ్జిగ తాగి నడిచిపోయేది.

ఏంటికట్ల చేసేది అంటావా? ఊర్లో తీస్తే చాలు కదా అంటావా? నీకు రెండు వందల మందికి పొద్దున టిపినీ, మధ్యాన్నం అన్నం, సాయంత్రం టీ పెట్టే పని అప్పజెప్తే అప్పుడు తెలుస్తుంది. అప్పటి కెమెరాను ఒక మనిషి ఎత్తలేడు. ఫిలిముకు వెలుతురు చాలేది కాదు, పెద్ద పెద్ద లైట్లు కావాల, వాటికి కరెంటు కావాల. మన పల్లెల్లో అప్పుడు కరెంటు యాడిది? మాటలు కూడా ఆడికాడనే రికార్డు చేసేది. గట్టు మీద గాడిద ఓండ్ర పెడితే కృష్ణదేవరాయలి మాటలో అదీ కలిసిపోవాల్సిందే. స్టూడియోలో అయితే తలుపు మూస్తే లోకం బయట ఉంటుంది. వాన మీ ఇష్టం, వెన్నెల మీ ఇష్టం. వడ్రంగులు, రంగులోళ్ళు, నటులు కూడా చానామంది నెలజీతాల మీద ఉండే. జీతమిచ్చేదెట్లా తప్పదు, ఆ మనుషులను పెట్టుకుని హంపికి బండ్లు కట్టేదెవురు?

అందుకే సినిమాలో ఊరు కథ యాడుంటే ఆడ ఉండదు. పనోళ్ళు యాడుంటే ఆడుంటుంది.

తర్వాత ఏమాయె? మద్రాసు నుంచి మనోళ్ళు హైదరాబాదుకు కదిలినారు. ప్రభుత్వం రాయితీలిచ్చింది, అక్కినేని అన్నపూర్ణా స్టూడియో కట్టినాడు, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది. పనోళ్ళు పోయినాక ఊర్లు కూడా వాళ్ళెంబడే పోయినాయి. వడపళనిలో ఉజ్జయిని ఉండిన తావలో ఇప్పుడు ఆస్పత్రి ఉంది, పెద్ద మాల్ ఉంది. 2018లో సావిత్రమ్మ కథ 'మహానటి' తీసినారు కదా, ఆ పాత మద్రాసును, ఆ విజయా వాహినీ స్టూడియోను ఎక్కువగా యాడ కట్టినారనుకున్నావు? హైదరాబాదులో! పులివెందులాయన మద్రాసులో హంపిని కడితే, మనవళ్ళ తరం హైదరాబాదులో ఆయన స్టూడియోనే కట్టింది. ఏ ఎండకా గొడుగు.

ఇంకా వింత చెప్తా విను. 2003లో 'ఒక్కడు' వచ్చింది. మన పక్క కర్నూలు కొండారెడ్డి బురుజు నిజమైనదే చూపించినారు. చార్మినార్ మాత్రం సెట్టు. చార్మినారున్న ఊరి శివార్లోనే ఇంకో చార్మినార్ కట్టినారు! నవ్వాకు, దాంట్లో తెలివుంది. అసలు చార్మినార్ కాడ రాత్రంతా లైట్లేసి, మహేష్ బాబును నిలబెట్టి, జనాన్ని ఆపడం పోలీసుల తరమా? ఆ డైరెక్టర్ గుణశేఖరే మరుసటేడు 'అర్జున్' కోసం మధుర మీనాక్షమ్మ గుడినే హైదరాబాదులో లేపినాడు. గుళ్ళో ఫైటింగు పెడతామంటే ఏ పూజారి ఒప్పుకుంటాడు చెప్పు.

జనం సంగతి నీకు తెలీదు. పల్లెలో షూటింగంటే ఆ పొద్దు సేద్యం బందు. హీరో కనపడాలని చెట్లెక్కి కూచునేది. కెమెరా అటు తిప్పితే ఏ కొమ్మ మీద చూసినా నలుగురు. "రోంత దిగండప్పా" అంటే "మా చెట్టు, మా ఇష్టం" అని తిరగబడేది. డైరెక్టరు నెత్తి పట్టుకోక ఏం చేస్తాడు?

మనోళ్ళే అనుకునేవు, లోకమంతా ఇదే వరస. అమెరికాలో షికాగో నగరం పేరే పెట్టి 2002లో సినిమా తీసినారు, తీసింది కెనడాలో టొరంటోలో. న్యూయార్క్ కథలు కూడా చానా ఆడికే పోతాయి. ఆడి సర్కారు పన్నులో తగ్గింపిస్తుంది, అదీ కిటుకు. 'డాక్టర్ జివాగో' అని 1965లో ఒక రష్యా కథ తీసినారు. ఆ పుస్తకాన్నే రష్యాలో నిషేధించినారు, ఇంక షూటింగుకు యాడ రానిస్తారు? మాస్కో వీధిని తెచ్చి స్పెయిన్‌లో మాడ్రిడ్ పక్కన కట్టినారు. మంచు పట్టిన ఇల్లొకటి ఉంటుంది దాంట్లో, ఆ మంచు మైనం. మన 'ఆర్ఆర్ఆర్' మాత్రం తక్కువ తిన్నదా? కథ 1920ల ఢిల్లీ, దొరల బంగళా ముందర నాటు నాటు ఎగిరింది ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, మారియిన్‌స్కీ ప్యాలెస్ ముందర. 2021 ఆగస్టులో తీసుకుని వచ్చేసినారు. ఆర్నెల్లకు ఆడ యుద్ధం మొదలాయె. ఇంకొన్నాళ్ళు ఆలస్యం చేసింటే ఆస్కార్ పాటకు వేరే బంగళా వెతుక్కోవాల్సింది.

సరే, అంత దూరం పోయొచ్చినాం, మళ్ళీ మన అడవికి వస్తాం. ఎర్రచందనం పుట్టేదే మన కడప, చిత్తూరు, నెల్లూరు పక్క ఎండు కొండల్లో. అది బండరాళ్ళ నడుమ, ఎండలో మాడి మాడి ఎర్రబడే చెట్టు. మారేడుమిల్లేమో వానల అడవి, ఏరులు పారతాంటాయి. అందుకే నీకు శేషాచలం అంత పచ్చగా కనపడింది. నన్నడిగితే, ఎర్రచందనం కోసం రాత్రిపగలు కాపలా కాసే అడవిలోకి వందల మందిని, లారీలను తోలుకుపోయి "దొంగతనం సీను తీస్తాం" అంటే అటవీశాఖ వాళ్ళు హారతిచ్చి పిలుస్తారా? 'పుష్ప' వచ్చిన ఏడే 'కొండపొలం' కూడా వచ్చింది. అది మన జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల. కరువొచ్చినప్పుడు గొర్రెలు తోలుకుని నల్లమలెక్కే మనోళ్ళ కథ. నా కండ్ల ముందర జరిగిన బతుకది. తీసింది మాత్రం వికారాబాదు అడవిలో. కరోనా కాలం, హైదరాబాదుకు దగ్గర, పొద్దున పోయి పని చూసుకోవచ్చు. తప్పు పట్టలేం.

అడవి మారితే నేను సర్దుకుంటా. గొర్రె యాడైనా గొర్రెనే. నాకు ఒళ్ళు మండేది ఇంకొకటుంది. ఫ్యాక్షన్ సినిమాలొచ్చినాయి చూడు, 1999లో 'సమరసింహారెడ్డి' కాణ్ణుంచి. సుమోలు గాల్లోకి లేసేది, తొడలు కొట్టేది. ఆ ఇండ్లు, ఆ వాకిండ్లు యాడ కట్టుకున్నా నాకు పట్టింపు లేదు. మన మనిషి నోట్లో మన మాటుండదే, అది పట్టింపు. "ఏంరా" అనేదానికి ముందూ వెనకా ఒక "సీమ" తగిలిస్తే రాయలసీమ అయిపోతుందా? ఇంట్లో జేజి ఎట్ల పిలుస్తుంది, సంగటి ముద్ద ఎట్ల తుంచుతారు, ఎదురుపడితే ముందు "వానేమన్నా పడిందా" అని అడుగుతారు కదా, ఇవి చూపించడానికి సెట్టు ఖర్చు కూడా లేదు. పైసా ఖర్చు లేని పని చేయరు, కోట్లు పెట్టి సుమోలు పేలుస్తారు. బి.ఎన్.రెడ్డి మద్రాసులో కూచుని తీసినా, ఆ మల్లి, నాగరాజు మన పల్లె పిల్లోళ్ళే అనిపిస్తారు. ఊరు తెచ్చేది రాళ్ళు కాదని ఆయనకు తెలుసు.

ఇంక మన గండికోట సంగతి. పెన్న కోసిన లోయ, పెమ్మసానోళ్ళు ఏలిన కోట, మాధవరాయుని గుడి, జుమ్మా మసీదు. ప్రపంచంలో యాడ పెట్టినా నిలబడే తావు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనోళ్ళు చానా కాలం దాన్ని గడ్డివాము మాదిరి చూసినారు. 2023లో కమల్ హాసన్ 'ఇండియన్ 2' షూటింగుకు వచ్చినాక జమ్మలమడుగోళ్ళకు కూడా అదేదో గొప్పదని అనుమానమొచ్చింది. కొండ మీద హరిత హోటలుంది గాని, పెద్ద యూనిట్టు వస్తే సగం మంది ప్రొద్దుటూరు లాడ్జీలకు దిగాల్సిందే. రోడ్లు, గదులు రోంత బాగుపడితే మనకూ వస్తారు. అప్పుడు మన గండికోట ఎవరి కథలోనో ఏ రాజస్థానో అయి కూచుంటుంది, అది కూడా చూస్తావు నువ్వు.

అంతవరకు ఆగాకు. జమ్మలమడుగు నుంచి పదహైదు కిలోమీటర్లే. వచ్చే ఆదివారం పొద్దున్నే బయల్దేరి పో, ఎండెక్కితే రాళ్ళు కాలతాయి. నీళ్ళు తీసుకపో. లోయ అంచుకు ఫోటో దిగేటప్పుడు మాత్రం వెనక్కి అడుగులెయ్యాకు, అది సెట్టు కాదు.