గాయం నేర్పిన పాఠాలు

సైకిలు మీద నుంచి పడి మోకాలు గీరుకుపోయిందనుకోండి. ఇంట్లో ఒకరు పసుపు అద్దమంటారు. మరొకరు కాఫీపొడి వేయమంటారు. "కట్టు ఎందుకు? గాలి తగలనివ్వండి, ఆరితే అదే మానుతుంది" అని ఇంకొకరు అంటారు. ఈ చివరి సలహాను చాలాకాలం పాటు ఆసుపత్రులు కూడా నమ్మాయి. అది పొరపాటని 1962లో తేలింది!

గాయాన్ని మాన్పేది నిజానికి మన శరీరమే. ముందు రక్తం గడ్డకట్టి రంధ్రాన్ని మూస్తుంది. తర్వాత తెల్లరక్తకణాలు వచ్చి సూక్ష్మజీవులను, చచ్చిన కణాలను తొలగిస్తాయి. ఆపైన కొత్త రక్తనాళాలు, కొల్లాజెన్ పోగులు ఏర్పడి గుంట పూడుతుంది. అంచుల నుంచి చర్మకణాలు పాకి పైపొరను కప్పుతాయి. ఈ పనికి అడ్డు రాకుండా ఉండటమే చికిత్స చేసేవారి మొదటి బాధ్యత. ఈ చిన్న విషయం అర్థం కావడానికి మానవుడికి వందల ఏళ్లు పట్టింది.

మన దేశంలో సుశ్రుత సంహిత వ్రణచికిత్సకు అరవై ఉపక్రమాలను చెప్పింది. వైద్యుడు, రోగి, ఔషధం, పరిచారకుడు అనే నాలుగు పాదాల మీద చికిత్స నిలుస్తుందని కూడా చెప్పింది. అంటే పక్కన ఉండి సేవ చేసే మనిషి వైద్యంలో నాలుగోవంతు అన్నమాట.

నూనె అయిపోయిన రాత్రి

1536-37లో ఫ్రెంచి సైన్యం ఇటలీ మీదికి దండెత్తింది. ఆ సైన్యంలో ఆంబ్రోయిజ్ పారే అనే యువ శస్త్రవైద్యుడు ఉన్నాడు. తుపాకి మందు విషమనీ, తూటా గాయంలో మరిగే నూనె పోస్తే ఆ విషం చస్తుందనీ అప్పటి గ్రంథాలు చెప్పేవి. పారే కూడా అలాగే చేస్తూ వచ్చాడు. ఒకరోజు క్షతగాత్రులు ఎక్కువై నూనె అయిపోయింది. మిగిలినవారికి గుడ్డు పచ్చసొన, గులాబీ తైలం, టర్పెంటైన్ కలిపి పూశాడు. నూనె పోయనివారు విషమెక్కి చనిపోతారేమోనన్న భయంతో ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లేచి చూడటానికి వెళ్లాడు.

కనిపించింది వేరు. పచ్చసొన పూసినవారు పెద్దగా నొప్పి లేకుండా నిద్రపోయారు. నూనె పోసినవారు జ్వరంతో, వాపుతో, బాధతో మూలుగుతున్నారు. ఇక గాయాలను అలా కాల్చకూడదని పారే నిశ్చయించుకున్నాడు. 1545లో ఈ విషయం మీద పుస్తకం ప్రచురించాడు. అతనికి దారి చూపింది కొత్త మందు కాదు. తన చేతితో చేసిన పనిని తానే మళ్లీ వెళ్లి చూసుకోవడం.

లెక్కల్లో బయటపడిన నిజం

క్రిమియా యుద్ధకాలంలో, 1854 నవంబరులో, ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. అది ఇప్పటి ఇస్తాంబుల్ నగరంలో ఉంది. మురుగు, కిక్కిరిసిన వార్డులు, చెడుగాలి. ఆమె, ఆమె నర్సులు రాత్రింబవళ్లు శ్రమించినా ఆ చలికాలంలో మరణాలు ఆగలేదు. 1855 మార్చిలో పారిశుధ్య సంఘం వచ్చి మురుగును, గాలి రాకపోకలను బాగుచేశాక పరిస్థితి మెరుగుపడింది. ఇంగ్లండు తిరిగి వెళ్లాక ఆమె గణాంక నిపుణుడు విలియం ఫార్ సాయంతో మరణాల లెక్కలు పరిశీలించింది. సైనికుల్లో ఎక్కువమంది గాయాల వల్ల కాక, నివారించదగిన వ్యాధుల వల్లే చనిపోయారని తేలింది. ఆ నిజాన్ని ఆమె దాచలేదు. 1858లో రంగుల పటాలుగా గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట నర్సుల శిక్షణాలయం మొదలైంది.

మందు కూడా గాయపరచవచ్చు

గాయం కుళ్లడానికి కారణం సూక్ష్మజీవులని పాశ్చర్ పరిశోధనల ఆధారంగా జోసెఫ్ లిస్టర్ గ్రహించాడు. 1865 ఆగస్టులో గ్లాస్గోలో, బండి చక్రం కింద పడి కాలు విరిగిన 11 ఏళ్ల బాలుడి గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన కట్టు కట్టాడు. ఎముక బయటపడిన అలాంటి గాయాలకు ఆ రోజుల్లో చాలాసార్లు కాలు తీసేయడమే దారి. ఆ బాలుడు మాత్రం ఆరు వారాల్లో కోలుకున్నాడు.

అయితే ఒక మంచి పద్ధతి కూడా అలవాటుగా మారితే ప్రమాదమే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో పనిచేసిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లోతైన గాయాలను పరీక్షించాడు. క్రిమిసంహారకాలు గాయపు మూలల్లో దాగిన సూక్ష్మజీవులను చేరడం లేదనీ, పైగా శరీరాన్ని కాపాడే తెల్లరక్తకణాలను చంపుతున్నాయనీ చూపాడు.

తడి, ఒత్తిడి

1962లో ఇంగ్లండులో జార్జ్ వింటర్ పందిపిల్లల చర్మం మీద చిన్న గాయాలు చేసి కొన్నింటిని గాలికి వదిలాడు, కొన్నింటిని పాలిథీన్ పొరతో కప్పాడు. కప్పిన గాయాల మీద పైపొర సుమారు రెట్టింపు వేగంతో ఏర్పడింది. ఎందుకు? ఆరిన గాయంలో కొత్త కణాలు ఎండిన పక్కు కింద దారి తవ్వుకుంటూ వెళ్లాలి. తేమ ఉంటే సులువుగా జారుతూ వెళతాయి. నేటి ఆధునిక కట్లలో చాలావాటికి ఈ ప్రయోగమే పునాది. 1980లలో బొంబాయిలో డాక్టర్ కేశ్వాని బృందం ఉడికించి శుద్ధిచేసిన బంగాళాదుంప తొక్కలను గాజుగుడ్డకు అతికించి కాలిన గాయాలపై వాడటం ఇదే సూత్రానికి మనవారు కనుగొన్న చౌక రూపం.

అదే 1962లో డోరీన్ నార్టన్ అనే బ్రిటిష్ నర్సు తన సహచరులతో కలిసి వృద్ధుల వార్డులపై పరిశోధన ప్రచురించింది. మంచాన పడ్డవారికి పడక పుండ్లు రాకుండా సబ్బు, స్పిరిట్ వంటివి వీపుకు రుద్దడం అప్పటి ఆచారం. అసలు కారణం ఒకేచోట పడే ఒత్తిడి. దానికి మందు రోగిని క్రమం తప్పకుండా పక్కకు తిప్పడమే. ఎవరికి ప్రమాదం ఎక్కువో తెలుసుకోవడానికి ఆమె ఒక కొలమానం తయారుచేసింది: శరీర స్థితి, మానసిక స్థితి, నడక, కదలిక, మలమూత్రాలపై అదుపు. ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు. మొత్తం 14కు మించకపోతే జాగ్రత్త పడాలి. పెన్సిలు, కాగితం చాలు!

వెనుదిరిగి చూసుకునే విద్య

పారే, నైటింగేల్, నార్టన్ చేసిన పనిలో ఒక పోలిక ఉంది. 'నేను చేసింది ఏమిటి? దానివల్ల ఏమైంది?' అని ముగ్గురూ అడిగారు. 1983లో డొనాల్డ్ షాన్ అనే అమెరికన్ పండితుడు, నిపుణులు ఇలా తమ పని నుంచే నేర్చుకునే తీరును ఒక గ్రంథంలో వివరించాడు. 1988లో గ్రాహం గిబ్స్ దాన్ని ఆరు మెట్లుగా పేర్చాడు: ఏం జరిగింది, నాకేమనిపించింది, ఏది మంచి ఏది చెడు, ఎందుకలా అయింది, ఇంకేం చేసి ఉండవచ్చు, ఈసారి ఏం చేస్తాను. ఇప్పుడు అనేక దేశాల్లో నర్సింగ్ విద్యార్థులు ఈ మెట్ల ప్రకారం తమ అనుభవాలు రాసుకుంటారు.

ఒక ఉదాహరణ చూడండి. వార్డులో కట్టు విప్పుతుంటే గాజుగుడ్డ గాయానికి అంటుకుపోయి రోగి కేక పెడతాడు. 'ఓర్చుకోండి' అని లాగేయవచ్చు. లేదా, ఎందుకు అంటుకుంది అని ఆలోచించవచ్చు. గుడ్డ ఎండిపోయింది, దానితో పాటు కొత్తగా పుట్టిన కణాలూ ఊడివస్తున్నాయి. ముందుగా సెలైన్‌తో తడిపితే నొప్పి తగ్గుతుంది, గాయం తొందరగా మానుతుంది. రేపటి రోగికి ఆ కేక అవసరం ఉండదు.

మీ మోకాలి సంగతికి వద్దాం. శుభ్రమైన నీటితో బాగా కడగండి. పసుపు, కాఫీపొడి జోలికి పోకుండా శుభ్రమైన కట్టు కట్టండి. లోతుగా తెగినా, మట్టి చేరినా వైద్యుణ్ణి కలిసి ధనుర్వాతం టీకా సంగతి అడగండి. మరునాడు కట్టు విప్పినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి చూడండి. నిన్న మీరు చేసిన పని సరైనదో కాదో ఆ గాయమే చెబుతుంది.