వారానికి 10 గంటల ప్రోగ్రామరు

మన ఆఫీసుల్లో డెడ్‌లైను దగ్గరపడితే మేనేజరుగారికి తట్టే మొదటి ఉపాయం ఇంకో నలుగుర్ని తెచ్చి పడెయ్యడం. చికాగోలోని 37సిగ్నల్స్ వాళ్ళు బేస్‌క్యాంప్ తయారుచేసిన తీరు చదివినప్పుడల్లా నాకు మా స్టేటస్ మీటింగులు గుర్తొచ్చి నవ్వొస్తుంది.

1999లో మొదలైనప్పుడు అది వెబ్‌సైట్లు డిజైన్ చేసిపెట్టే చిన్న కంపెనీ. క్లయింట్ల పనులు ఎంతవరకు వచ్చాయో చూసుకోడానికి, ముందు తమ వాడకానికే ఒక అప్లికేషన్ రాసుకున్నారు. జేసన్ ఫ్రైడ్ ఉండేది చికాగోలో. కోడు రాసే డేవిడ్ హైనమైయర్ హాన్సన్ డెన్మార్కులో, ఇంకా చదువుకుంటున్నాడు. మధ్యలో 7 గంటల తేడా. ప్రోగ్రామింగుకి దొరికేది వారానికి 10 గంటలు! ఇక ఏం చెయ్యాలన్నదానికన్నా ఏం మానెయ్యాలన్నదే పెద్ద పని.

2004 ఫిబ్రవరిలో జనం ముందు పెట్టేటప్పటికి డబ్బులు వసూలు చేసే కోడే లేదు. బిల్లు నెలకోసారి కదా, ఇంకా 30 రోజులుందని ధీమా. ఆలోగా రాసేశారు. మన దగ్గరైతే ఈ ఒక్క మాటకే రిలీజు ఆగిపోయేది. అన్నట్టు రూబీ ఆన్ రైల్స్ ఆ కోడులోంచి తీసిందే, అదే ఏడు జులైలో బయటికొచ్చింది.

అలాగని ఇద్దరు కూర్చుని తేల్చేసేవన్నీ ముచ్చటగా ఉంటాయని కాదు. 2021 ఏప్రిల్లో కంపెనీలో రాజకీయ చర్చలు వద్దని ఆ ఇద్దరే ప్రకటించారు. ఫీచర్ని కొట్టేసినంత తేలిగ్గా మనుషుల మాటల్నీ కొట్టేశారనిపించింది నాకు. నచ్చనివాళ్ళు వెళ్ళొచ్చు, డబ్బిచ్చి పంపుతామన్నారు. కొద్దిరోజుల్లోనే దాదాపు మూడోవంతు మంది వెళ్ళిపోయారు.